మాటల కింద థీమ్ నడపాలంటే

ఫాంటసీ సినిమాలో గురువు శిష్యుడికి రాజ్యం గుట్టు విప్పే సీను ఉందనుకోండి. అక్కడ రాజ్యం థీమ్, అంటే సినిమాలో రాజ్యాన్ని గుర్తుచేసే ట్యూన్, మొత్తం వాయించకండి. అంతకుముందు ఆ థీమ్ ఒకటి రెండుసార్లు గట్టిగా వినిపించి ఉంటే, మొదటి మూడు నాలుగు స్వరాలకే ప్రేక్షకుడు గుర్తుపడతాడు.

ముందు డైలాగ్ ట్రాక్ ఒక్కటే వింటూ, మాటల మధ్య ఖాళీలు టైమ్‌కోడ్‌తో (సినిమాలో అవి వచ్చే కచ్చితమైన సమయంతో) రాసుకోండి. ట్యూన్ కదలాల్సింది ఆ ఖాళీల్లోనే. మాట నడుస్తున్నంతసేపూ స్వరాన్ని అలాగే పట్టి ఉంచాలి. సెకనుకి 24 ఫ్రేముల సినిమాకి టెంపో 60 (నిమిషానికి 60 బీట్లు) పెడితే బీటుకి సరిగ్గా 24 ఫ్రేములు, కాబట్టి రెండు సెకన్ల మౌనానికి రెండు బీట్లు.

ఎక్కువగా చెడేది వాయిద్యం దగ్గర. మగ గొంతు కింద సోలో చెల్లో అందంగానే ఉంటుంది, కానీ రెండూ ఒకే స్వరస్థాయిలో ఉండటంతో మాట మసకబారుతుంది. థీమ్‌లోని ఆ మూడు నాలుగు స్వరాల తునకను పై స్వరస్థాయిలో వయొలిన్లకు మెత్తగా ఇవ్వండి. పదాలున్న కోరస్ మాత్రం అస్సలు వద్దు, చెవి డైలాగ్‌ని వదిలి దాని వెంట పోతుంది.

మిక్స్‌లో సంగీతం ఫేడర్ (వాల్యూమ్ మీట) మరీ దించేస్తే థీమే మాయమవుతుంది. దానికి బదులు, హల్లుల స్పష్టత ఉండే 2 నుంచి 4 కిలోహెర్ట్జ్ మధ్య సంగీతాన్ని ఓ 3 డెసిబెల్స్ తగ్గించి చూడండి.

అసలు గుట్టు చెప్పే వాక్యానికి ముందే సంగీతం ఆపేసి, చివరి మాట అయ్యాక శిష్యుడి ముఖం మీద పూర్తి థీమ్ మొదలుపెట్టండి.