గిరి ప్రదక్షిణకు ముందు కన్ను ఆపరేషనా? ఈ జాగ్రత్తలు చూసుకోండి

ఆషాఢ పౌర్ణమికి సింహాచలం గిరి ప్రదక్షిణ చేయాలి, ఆలోపే శుక్లాల ఆపరేషన్ కూడా అయిపోవాలి. విశాఖలో పెద్దవాళ్లు వేసే లెక్క ఇది. మొక్కు మానుకోమంటే ఎలాగూ వినరు. కాబట్టి ఆపరేషన్ అయినా నెలా రెండు నెలలు ముందే చేయించండి, లేదంటే ప్రదక్షిణ అయ్యాకే పెట్టుకోండి. 32 కిలోమీటర్ల నడక సంగతి అటుంచితే, కంట్లోకి కారే చెమట, రోడ్డు దుమ్ము, దారిలో అప్పూఘర్ దగ్గర సముద్ర స్నానం, ఈ మూడూ కొత్తగా ఆపరేషనైన కంటికి పడవు.

నల్లగుడ్డు మీద వాచీ అద్దంలా ఉండే పొర కార్నియా. మందం అర మిల్లీమీటరుకు కాస్త అటూ ఇటూ. దాని లోపలివైపు ఒకే ఒక్క వరుస కణాలుంటాయి. కార్నియాలోకి చేరే నీటిని ఎప్పటికప్పుడు తోడేసేది అవే. పెద్దవాళ్లలో చదరపు మిల్లీమీటరుకు సుమారు 2000 నుంచి 3000 ఉంటాయి. పోయినవి మళ్లీ పుట్టవు, పక్కవి సాగి ఆ ఖాళీని కప్పుతాయంతే. శుక్లం బాగా ముదిరితే దాన్ని పగలగొట్టడానికి అల్ట్రాసౌండ్ ఎక్కువ వాడాల్సి వస్తుంది, ఆ దెబ్బ ఈ కణాలకే తగులుతుంది. "పూర్తిగా ముదరనీ, అప్పుడు చూద్దాం" అనే పాత మాట పట్టుకుని కూర్చోవద్దు.

పొద్దున్నే మసకగా ఉండి మధ్యాహ్నానికి చూపు తేటపడుతోందంటే ఆ సంగతి ఆపరేషన్‌కు ముందే డాక్టరుగారికి చెప్పండి. ఈ కణాలు ముందే తగ్గిపోయాయేమో స్పెక్యులర్ మైక్రోస్కోపీ అనే పరీక్షలో తెలుస్తుంది. షుగర్, కీళ్లవాతం, కళ్లు పొడిబారడం ఉంటే అవీ దాచొద్దు. ఎందుకో కింద చెప్తాను.

ఆపరేషనైన మర్నాడు చూపు మసకగా ఉంటే టెన్షన్ పడక్కర్లేదు. కార్నియా కాస్త ఉబ్బడం మామూలే. రాత్రంతా రెప్పలు మూసి ఉండటంతో తడి ఆరదు, అందుకే పొద్దున మసక ఎక్కువ. ఎక్కువమందికి కొన్ని రోజుల్లో, కొందరికి కొన్ని వారాల్లో తగ్గుతుంది. నీరు లాగడానికి డాక్టరుగారు 5 శాతం ఉప్పు చుక్కలు రాసివ్వవచ్చు. అది శుభ్రంగా తయారైన మందు. ఇంట్లో ఉప్పునీళ్లు కలిపి పోసే ప్రయోగాలు చేయకండి!

అసలు తేడాలొచ్చేది చుక్కల దగ్గరే. వాపు తగ్గించే స్టెరాయిడ్ చుక్కల్లో కొన్నిట్లో తెల్లటి మందు సీసా అడుగున పేరుకుంటుంది. ఊపకుండా వేస్తే పైనున్న నీళ్లే కంట్లో పడతాయి. చేతులు కడుక్కుని, సీసా ఊపి, కింది రెప్ప లాగి ఒక్క చుక్క వేయాలి. సీసా మూతి రెప్పవెంట్రుకలకు తగలకూడదు. ఇంకో మందుంటే ఐదు నిమిషాలు ఆగండి. కన్ను తెల్లబడింది కదా అని స్టెరాయిడ్ ఒక్కసారిగా ఆపేస్తే వాపు తిరగబెట్టవచ్చు. పాత చీటీ పట్టుకుని మెడికల్ షాపులో మళ్లీ మళ్లీ కొని వేస్తే కంటి ప్రెషర్ పెరగవచ్చు.

నొప్పి తగ్గించే డైక్లోఫెనాక్, కెటోరోలాక్, నెపాఫెనాక్ చుక్కలతో ఇంకా జాగ్రత్త. చాలామందికి ఏమీ కాదు. కానీ పైపొర సరిగా మానని కంట్లో, ముఖ్యంగా షుగర్, కీళ్లవాతం, పొడికళ్లు ఉన్నవాళ్లలో, ఈ చుక్కలు వేసినప్పుడు, వాపు వల్ల పుట్టే ఎంజైములు కార్నియాకు బలమిచ్చే కొల్లాజెన్ అనే ప్రోటీన్‌ను కొత్తది తయారయ్యేలోపే కరిగించేయవచ్చు. అలా పలచబడి చిల్లు పడిన కేసులూ ఉన్నాయి. 1999లో అమెరికాలో ఇలాంటి కేసులు బయటపడ్డాక ఒక జెనెరిక్ డైక్లోఫెనాక్ చుక్కల మందును మార్కెట్ నుంచి వెనక్కి తీసుకున్నారు. ఇది అరుదే. అయినా పక్కింటావిడకు మిగిలిన సీసా మీ కంట్లో వేసుకోవద్దు.

నొప్పి తగ్గాల్సింది పోయి పెరుగుతున్నా, ఎరుపు ఎక్కువైనా, వచ్చిన చూపు మళ్లీ తగ్గినా, చీము కనిపించినా ఆపరేషన్ చేసినచోటికి అదే రోజు వెళ్లాలి. నిద్ర లేవగానే ఇసుక పోసినట్టు గుచ్చుతూ నీళ్లు కారుతుంటే కార్నియా మీద బొబ్బలు చిట్లుతున్నాయేమో, అదీ చూపించాలి. నెలలు గడిచినా ఉబ్బు దిగకపోతే దానం చేసిన కంటినుంచి ఆ లోపలి పొరనొక్కదాన్నే తీసి అమర్చే ఆపరేషన్ ఉంది.

పాడేరు, శ్రీకాకుళం వైపు నుంచి వచ్చేవాళ్లు పెదవాల్తేరు ప్రభుత్వ కంటి ఆసుపత్రిలో చేయించుకున్నా, హనుమంతవాకలోని కంటి ఆసుపత్రిలో చేయించుకున్నా, మొదటి వారం సిటీలో బంధువుల ఇంట్లో ఉండే వీలుంటే ఉండండి. లేకపోతే రాత్రిపూట ఎత్తే ఫోన్ నంబరొకటి చీటీ మీద రాయించుకున్నాకే బస్సెక్కండి.