చేత్తో చేసిన మార్పు కోడ్‌లోకీ చేరాలి
అత్యవసర సమయంలో క్లౌడ్ కన్సోల్‌లో ఫైర్‌వాల్ నియమాన్ని చేత్తో మార్చక తప్పదు. కానీ దాన్ని టెర్రాఫార్మ్ (క్లౌడ్ వనరులను కోడ్‌తో నిర్వహించే సాధనం) కోడ్‌లో రాయకుండా వదిలేస్తే, తరువాత ఎవరో వేరే పనికి అప్లై (కోడ్‌లో ఉన్నట్టే క్లౌడ్‌ను మార్చే ఆదేశం) నడిపినప్పుడు ఆ సవరణ చెరిగిపోయి పాత సమస్య తిరిగి వస్తుంది. అందుకే కోడ్‌కూ క్లౌడ్‌కూ ఉన్న తేడాను చూపే ప్లాన్ ఆదేశాన్ని డీటెయిల్డ్ ఎగ్జిట్‌కోడ్ ఆప్షన్‌తో, కోడ్ ప్రధాన ప్రతి అయిన మెయిన్ బ్రాంచ్‌పై, రోజూ దానంతటదే నడిచేలా పెట్టుకోండి. ముగింపు కోడ్‌గా తేడా లేకపోతే 0, లోపం వస్తే 1, తేడా ఉంటే 2 వస్తుంది కనుక, సున్నా కానిదేది వచ్చినా బృందానికి సందేశం పంపవచ్చు.

తేడా కనిపించినప్పుడు రిఫ్రెష్ ఓన్లీ పద్ధతిలో అప్లై చేస్తే సరిపోతుందని చాలామంది అనుకుంటారు. అది, క్లౌడ్‌లో ఏముందో టెర్రాఫార్మ్ రాసుకునే స్టేట్ ఫైల్‌ను మాత్రమే సరిచేస్తుంది, కోడ్‌ను ముట్టుకోదు. పూర్తిగా చేత్తోనే సృష్టించిన వనరులు ప్లాన్‌కు అసలు కనిపించవు, వాటిని టెర్రాఫార్మ్ 1.5 వెర్షన్ నుంచి అందుబాటులో ఉన్న ఇంపోర్ట్ బ్లాక్‌తో కోడ్ పరిధిలోకి తెచ్చుకోవాలి.