సరుకు రేవులో ఆగితే ఎక్కడ వెతకాలి?

సరుకు ఆగిందనగానే చాలామంది కస్టమ్స్ అధికారిని అనుమానిస్తారు. తీరా చూస్తే గొడవ ఎక్కువసార్లు కాగితాల్లో ఉంటుంది, అదీ ఓడ బయల్దేరకముందే మొదలై ఉంటుంది. ముందు కస్టమ్స్ పనులు చూసే బ్రోకరును ఒక్కటే అడగండి: ఏ దశలో ఆగింది? పత్రాల పరిశీలనలోనా, విలువ దగ్గరా, పెట్టె తెరిచి చూసే తనిఖీలోనా, వేరే శాఖ అనుమతి కోసమా? కస్టమ్స్ ఇచ్చిన ప్రశ్న ప్రతిని తెప్పించుకుని చదవాలి. నోటిమాటగా విన్నదానికి జవాబు రాస్తే ఇంకో ప్రశ్న వస్తుంది.

బరువులు కలవడం లేదు

ఉదాహరణకు, ప్యాకింగ్ లిస్టులో స్థూల బరువు (ప్యాకింగుతో కలిపి) 2,015 కిలోలు, బిల్ ఆఫ్ లేడింగ్‌లో (సరుకు తీసుకున్నట్టు షిప్పింగ్ లైన్ ఇచ్చే పత్రం) 2,150. సరుకేమీ పెరగలేదు. ఎగుమతిదారు కార్టన్ల వరకే తూచాడు. ఫార్వార్డర్ (రవాణా ఏర్పాట్లు చూసే సంస్థ) గిడ్డంగిలో 6 పాలెట్లతో (కార్టన్లు పేర్చే చెక్క చట్రాలు) కలిపి తూచారు; ఒక్కోటి 22.5 కిలోలు, మొత్తం 135. ప్యాకింగ్ లిస్టును సవరించి నికర బరువు, కార్టన్లతో బరువు, పాలెట్లతో బరువు విడివిడిగా చూపించి, లెక్క వివరిస్తూ లేఖ జతచేస్తే చాలావరకు తేలిపోతుంది.

తప్పు బిల్ ఆఫ్ లేడింగ్‌లోనే ఉంటే కష్టం. షిప్పింగ్ లైన్ మానిఫెస్టును (ఓడలోని సరుకుల జాబితాను) సవరించాలి, దానికి రుసుమూ పడుతుంది, రోజులూ పడతాయి. అందుకే డ్రాఫ్ట్ బిల్ వచ్చిన రోజే ఇన్వాయిస్ పక్కన పెట్టుకుని పెట్టెల సంఖ్య, గ్రహీత పేరు, సీలు నంబరు సరిచూడాలి. కంటైనర్ నంబరులో 4 అక్షరాలు, 7 అంకెలు ఉంటాయి. చివరిది తనిఖీ అంకె. మిగతావాటిలో ఒకటి తప్పు పడితే ఆ లెక్క దాదాపు ఎప్పుడూ కుదరదు, తప్పు అక్కడే దొరుకుతుంది.

హెచ్‌ఎస్ కోడ్ ఒప్పుకోవడం లేదు

హెచ్‌ఎస్ కోడ్ అంటే సరుకు ఏ రకానిదో చెప్పే అంకెల సంకేతం. ఇన్వాయిస్‌లో "ఇత్తడి విడిభాగాలు" అని ఉంటే అధికారికి ఏం తెలుస్తుంది? గొట్టాలను కలిపే ఇత్తడి ఫిట్టింగులు 7412 కిందికి వస్తాయి, ఇత్తడి వాల్వులు 8481 కిందికి. సుంకం వేరు కావచ్చు, అనుమతులూ వేరు కావచ్చు. వస్తువు దేనితో చేసింది, ఏం పని చేస్తుంది, ఎందులో బిగిస్తారు, మోడల్ నంబరేమిటి, ఈ నాలుగూ వర్ణనలో ఉండాలి. ప్రశ్న వచ్చాక కేటలాగ్ పేజీ, ఫొటో, సాంకేతిక వివరాల పత్రం ఇవ్వండి. మొదటి 6 అంకెలే దేశాలన్నిటికీ ఉమ్మడి. అమ్మినవాడు ఇచ్చిన 8 లేదా 10 అంకెల కోడ్‌ను దిగుమతి పత్రంలో అలాగే ఎక్కించకూడదు.

విలువ తక్కువ చూపారంటున్నారు

ఉచిత నమూనాలకు సున్నా వేయడం మామూలుగా జరిగే పొరపాటు. డబ్బు చేతులు మారకపోయినా సుంకం లెక్కకు విలువ కావాలి. మరో కారణం రవాణా ఖర్చు: చాలా దేశాలు సీఐఎఫ్ విలువ (సరుకు ధర, బీమా, రవాణా కలిపి) మీద సుంకం వేస్తాయి, ఇన్వాయిస్ మాత్రం ఎఫ్‌ఓబీలో (సరుకు ఓడకెక్కించేవరకే లెక్కించిన ధర) ఉంటుంది. రవాణా బిల్లు, బీమా పత్రం, కొనుగోలు ఆర్డరు, బ్యాంకు చెల్లింపు రసీదు కలిపి ఇవ్వాలి. నిజంగా చెల్లించిన ధరే మొదటి ప్రాతిపదిక కాబట్టి బ్యాంకు రసీదుకే బలమెక్కువ.

చెక్క పాలెట్ల మీద అభ్యంతరం

ఐఎస్‌పీఎం 15 (పురుగులు వ్యాపించకుండా చెక్క ప్యాకింగును శుద్ధి చేయాలనే అంతర్జాతీయ ప్రమాణం) ముద్ర లేదన్నమాట. చెక్క లోపలిదాకా 56 డిగ్రీల సెల్సియస్ వేడి 30 నిమిషాలు తగిలితే హెచ్‌టీ అని ముద్ర వేస్తారు. పాలెట్లకు ముద్ర ఉండి, సరుకు కదలకుండా అడ్డుపెట్టిన చెక్కముక్కలకు లేకపోవడం తరచూ జరుగుతుంది. రేవుకు చేరాక మిగిలే దారులు తక్కువ: అధికారులు ఒప్పుకుంటే శుద్ధి చేయించడం లేదా ఆ చెక్కను నాశనం చేయించడం, లేదంటే తిప్పి పంపడం. ప్లైవుడ్‌కు ఈ బెడద లేదు.

సుంకం కట్టినా డెలివరీ ఆర్డరు ఇవ్వడం లేదు

సరుకు అప్పగించమని చెప్పే ఈ ఆర్డరు ఇవ్వడం కస్టమ్స్ పని కాదు, షిప్పింగ్ లైన్ పని. ఒరిజినల్ బిల్ ఆఫ్ లేడింగ్ ఇంకా దారిలో ఉండి ఉంటుంది. ఎగుమతిదారు దగ్గరే ఒరిజినల్స్ ఉంటే అక్కడి లైన్ ఆఫీసులో సరెండర్ చేయించి టెలెక్స్ రిలీజ్ (ఒరిజినల్ చూపకుండానే సరుకు ఇవ్వవచ్చనే సందేశం) తెప్పించండి. బ్యాంకులో చిక్కుకుంటే బ్యాంకు హామీపత్రం అడగాలి. హౌస్ బిల్ (ఫార్వార్డర్ ఇచ్చే బిల్ ఆఫ్ లేడింగ్) మీద వచ్చిన సరుకైతే ముందు ఫార్వార్డర్ బాకీ తీరిందో లేదో కనుక్కోండి.

బిల్లు పెరుగుతూనే ఉంది

కంటైనర్ టెర్మినల్‌లో ఉన్న అదనపు రోజులకు డెమరేజి, బయటికి తెచ్చాక ఖాళీది తిరిగివ్వని రోజులకు డిటెన్షన్. ఉచిత గడువులో సెలవులు కూడా లెక్కలోకి వస్తాయో లేదో ఒప్పందంలో చూడాలి. అదనపు గడువు బుకింగప్పుడు అడిగితే దొరకవచ్చు, కంటైనర్ దిగాక బేరం కుదరడం అరుదు. ఖాళీ కంటైనర్ అప్పగించిన రసీదు మీద తేదీ, సమయం ఉన్నాయో లేదో గేటు దాటకముందే చూసుకోండి.