తడిసిన పుస్తకాలు, నాలుగో పాఠం: డాబా మీద ఆరబెట్టినవాళ్లకు

పోయిన పాఠంలో ఇచ్చిన ఇంటిపని చాలామంది చేశారు. సంతోషం. పాత నవల ఒకటి, నున్నటి కాగితం పత్రిక ఒకటి బకెట్లో అరగంట నానబెట్టి ఆరబెట్టమన్నాను. నవల విసనకర్రలా విచ్చుకుందట, పత్రిక ఇటుకైందట. ఎక్కడ ఆరబెట్టారంటే ఒకటే మాట: డాబా మీద, మిట్టమధ్యాహ్నం. దాంతో ఈసారి చెప్పాల్సిన అగ్నిప్రమాదం సంగతి వాయిదా వేశాను. కరెంటు మెయిన్ ఆపాకే తడి గదిలోకి దిగాలనీ, కింది అర నేలకి జానెడు ఎత్తున ఉండాలనీ మళ్లీ చెప్పను.

ఎండ వడియాలకి వదిలేయండి. తడిసిన పుస్తకానికి అంచులు ముందు ఆరతాయి, వెన్ను దగ్గర నీళ్లు అలాగే ఉంటాయి. ఆరిన చోట కాగితం ముడుచుకుంటుంది, తడి ఉన్నచోట ఉబ్బే ఉంటుంది. ఆ లాగులాటలో పేజీలు మెలికలు తిరిగి, అట్ట వంగి, వెన్ను జిగురు పగులుతుంది. పేజీలు పెళపెళలాడుతున్నాయి కదా అని బీరువాలోకి ఎక్కించేస్తాం; నాలుగు రోజులకి వెన్ను లోపల బూజు. ఉద్యోగంలో చేరిన కొత్తలో, ఒక తుఫాను తర్వాత, నేనూ ఓ లావుపాటి నిఘంటువుని ఇలాగే పాడుచేశాను. ఎర్ర కాలికో బైండు రంగు దిగి 'క' నుంచి 'చ' దాకా గులాబీ రంగైంది.

నీడలో, ఫ్యాను గాలికి ఆరబెట్టండి. గాలి గదిలో తిరగాలి, పుస్తకం మొహాన కొట్టకూడదు. వానాకాలంలో బయటి గాలే చెమ్మ, కిటికీలు మూసి ఏసీ వేయండి. ఇరవై పేజీలకొక ఉత్త కాగితం పెట్టండి, అంతకన్నా కుక్కితే వెన్ను విరుగుతుంది. అద్దుడు కాగితం (బ్లాటింగ్ పేపరు) ఖరీదు. ప్రెస్సుల్లో మిగిలే తెల్ల న్యూస్‌ప్రింట్ రీలు ముక్కలు నాకు చాలు. అచ్చయిన పేపరు మాత్రం వద్దు, సిరా అంటుకుంటుంది.

ఇక ఇటుకైన పత్రిక. నున్నటి కాగితం మీద సుద్దలాంటి మట్టి పూత ఉంటుంది. తడిస్తే జిగురవుతుంది, పక్క పేజీకి అతుక్కుని ఆరిందా, ఇక ఊడదు. కాబట్టి తడి ఆరకముందే ప్రతి పేజీ మధ్యా కాగితం పెట్టాలి. వందల పుస్తకాలకి అది అయ్యే పని కాదు, కొన్ని గంటల్లోనే ఫ్రీజర్ చలిలో గడ్డకట్టించేయాలి. మిగతావాటికి బూజు పట్టడానికి 48 గంటల గడువు అనుకోండి, మన కోస్తా ఉక్కలో అదీ ఎక్కువే.

"మా ఊళ్లో మిర్చి కోల్డ్ స్టోరేజీ ఉందండీ" అని ఒకాయన. పనికిరాదు, అక్కడ చలి సున్నాకి పైనే. మనకి మైనస్ 18 డిగ్రీలో, అంతకన్నా తక్కువో కావాలి. భీమవరం, కాకినాడ వైపు రొయ్యల ప్లాంట్లలో అది దొరుకుతుంది. గడ్డకట్టిస్తే బూజు చావదు, ఆగుతుంది. మీరు తీరిగ్గా పదేసి తీసి ఆరబెట్టుకోవచ్చు. 1966 నవంబరు 4న ఆర్నో నది వరద ఫ్లోరెన్స్ జాతీయ గ్రంథాలయాన్ని ముంచినప్పుడు ఈ వెసులుబాటు లేదు; బురద పట్టిన పుస్తకాలను పొగాకు ఆరబెట్టే బట్టీలకి సైతం పంపారు. ఇది చదివి ఒంగోలు మిత్రులు మీ పొగాకు బ్యారన్ల వైపు చూడకండి.

తాళపత్రాల బురద తుడవకండి, అక్షరాల గాట్లలో నింపిన మసి లేచిపోతుంది. వాటికి వేరే పాఠం.

ఇంటిపని: దగ్గర్లోని మూడు రొయ్యల ప్లాంట్లకి ఫోన్ చేయండి. తిండి సరుకు పక్కన బురద పుస్తకాలు పెట్టనిస్తారా, ఏ ప్యాకింగులో అయితే ఒప్పుకుంటారు, రాత్రి పన్నెండింటికి గేటు ఎవరు తీస్తారు? పాల ట్రేలో వెన్ను కిందికి ఉండేలా ఒకే వరసగా ఎన్ని పుస్తకాలు పడతాయో సర్ది చూసి, తడిస్తే రెట్టింపు బరువవుతుందని లెక్కేసి, ఆ ట్రే మీరొక్కరే మెట్లు ఎక్కించగలరో లేదో రాయండి.