ఫౌజులో దెబ్బ తగిలిందా? డిసేబిలిటీ పెన్షన్ కోసం ఏం చేయాలంటే

మా బాబాయ్‌కి సర్వీసులో ఆరో ఏట పీటీ చేస్తుంటే మోకాలు తిరిగింది. ఎంఐ రూమ్‌లో, అంటే యూనిట్ వైద్యశాలలో, క్రేప్ బ్యాండేజ్ కట్టించుకుని "ఏం కాలేదు సాబ్" అని మర్నాడే ఫాలిన్‌లో (హాజరు వరసలో) నిలబడ్డాడట. 17 ఏళ్లకి రిటైర్ అయ్యేటప్పుడు మెడికల్ బోర్డు అదే మోకాలికి 20 శాతం డిసేబిలిటీ ఇచ్చి పక్కన 'నానా' అని రాసింది. అంటే సర్వీసు వల్ల రాలేదు, సర్వీసు వల్ల పెరగనూ లేదు అని. మామూలు పెన్షన్ వచ్చింది, డిసేబిలిటీది మాత్రం ఆ రెండక్షరాలతో పోయింది.

అందుకే ఇంకా సర్వీసులో ఉన్నవాళ్లకి ముందు చెప్పేది, దెబ్బ చిన్నదైనా ఇంజురీ రిపోర్టు రాయించుకోండి, ఐఏఎఫ్‌వై 2006 ఫారం అంటే యూనిట్ క్లర్కుకి తెలుస్తుంది. పెద్ద దెబ్బైతే కోర్ట్ ఆఫ్ ఎంక్వయిరీ, అంటే ఫౌజు లోపలి విచారణ, జరుగుతుంది, అందులో మీరు డ్యూటీలో ఉన్నారని స్పష్టంగా పడిందో లేదో చూసుకోండి. రెగ్యులర్ లీవుకి ఇంటికెళ్తూ దారిలోనో, తిరిగి వస్తూనో యాక్సిడెంట్ అయితే అది కూడా మామూలుగా డ్యూటీ కిందే లెక్క, కాబట్టి టికెట్టు, లీవ్ సర్టిఫికెట్టు పారేయకండి. ఇంటి దగ్గర సొంత పని మీద బండేసుకుని వెళ్లి పడితే మాత్రం కష్టం.

సర్వీసు నుంచి బయటికొచ్చేటప్పుడు జరిగే రిలీజ్ మెడికల్ బోర్డు ముందు ఒక ఫారం నింపిస్తారు, దాంట్లో మీ సొంత స్టేట్‌మెంటు ఉంటుంది. సర్వీసులో ఏ ఘటన వల్ల ఈ జబ్బు వచ్చిందనుకుంటున్నారో అక్కడ రాయాలి. మనోళ్లు చాలామంది ఖాళీగా వదిలేస్తారు, లేదా పక్కనోడిది చూసి రాస్తారు. తేదీ, చోటు, చేస్తున్న డ్యూటీ, ఏ ఆసుపత్రిలో ఎన్నాళ్లు ఉన్నారు, అన్నీ రాయండి.

డబ్బు లెక్క ఇలా ఉంటుంది. డిసేబిలిటీ 20 శాతం, ఆపైన ఉండాలి. 100 శాతం డిసేబిలిటీకి ఆఖరి జీతంలో 30 శాతం ఇస్తారు, తక్కువైతే ఆ నిష్పత్తిలో. జీతం 40 వేలు అనుకుంటే పూర్తిది 12 వేలు, 20 శాతానికి 2,400. కానీ రౌండింగ్ ఆఫ్ అని ఒకటుంది, 50 లోపు ఉంటే 50 చేస్తారు, అప్పుడు 6 వేలు అవుతుంది. మామూలుగా రిటైరైనవాళ్లకీ ఇది వర్తిస్తుందని 2014లో రామ్ అవతార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 2023 సెప్టెంబరు 21 తర్వాత బయటికొచ్చినవాళ్లకి కొత్త రూల్స్, పేరు కూడా ఇంపెయిర్‌మెంట్ రిలీఫ్ అని మార్చారు, వాళ్లు తమ లెక్క విడిగా అడిగి తెలుసుకోవాలి. అగ్నివీరులకైతే పెన్షనే లేదు, సర్వీసు వల్లే అయితే 100, 75, 50 శాతాలకి 44, 25, 15 లక్షలు ఒక్కసారే ఇస్తారు.

ఇక రిజెక్ట్ లెటర్ వచ్చిందనుకోండి, అయిపోయిందని బీరువాలో పెట్టేయకండి, ఆరు నెలల్లోపు ఫస్ట్ అప్పీల్ వేయాలి, అదీ పోతే సెకండ్ అప్పీల్. దానికి ముందు పది రూపాయల పోస్టల్ ఆర్డరు పెట్టి ఆర్టీఐ కింద మీ సర్వీసు కాగితాలుండే రికార్డ్ ఆఫీసుని మెడికల్ బోర్డు ప్రొసీడింగ్స్ కాపీ అడగండి, ఈఎంఈ (మెకానికల్ ఇంజనీర్లు), ఏఓసీ (ఆర్డినెన్స్ కోర్) వాళ్లకైతే రికార్డ్ ఆఫీసు సికింద్రాబాద్‌లోనే. అది చదివితే 'నానా' అనడానికి కారణం రాశారా, ఊరికే టిక్కు కొట్టారా తెలుస్తుంది. చేరేటప్పుడు ఫిట్ అని తీసుకుని, ఆ జబ్బు గురించి అప్పుడు ఏమీ రాయకపోతే, తర్వాత వచ్చింది సర్వీసు వల్లే అనుకోవాలని 2013లో ధరమ్‌వీర్ సింగ్ కేసులో తీర్పు ఉంది, అప్పీల్లో తప్పకుండా రాయండి. రాయడం రాకపోతే జిల్లా సైనిక్ వెల్ఫేర్ ఆఫీసుకి వెళ్లండి.

అప్పీళ్లలోనూ కాకపోతే ఆర్మ్‌డ్ ఫోర్సెస్ ట్రిబ్యునల్, అంటే ఫౌజు వాళ్ల కేసులు వినే కోర్టు, మన రెండు రాష్ట్రాలకీ చెన్నై బెంచి. బాబాయ్ ఇనప ట్రంకు అడుగున పాత ఎంఐ రూమ్ స్లిప్ ఒకటి దొరికింది, మోకాలు, తేదీ, యూనిట్ పేరు అన్నీ ఉన్నాయి, కేసు దానిమీదే నిలబడింది. కాకపోతే గెలిచినా బకాయిలు సాధారణంగా కేసు వేసిన రోజుకి వెనక్కి మూడేళ్లకే ఇస్తారు. ఈయన రిటైరై నాలుగేళ్లు ఊరికే కూర్చున్నాడు, ఆ ఒక్క ఏడాది డబ్బు గురించి పిన్ని ఇప్పటికీ తిడుతూనే ఉంటుంది.