పిల్లల కోసం చూస్తున్నారా? ముందు వంటింట్లో ఒక వంద రోజులు

మా డాక్టరమ్మ "ఆక్సిడేటివ్ స్ట్రెస్ తగ్గించుకోవాలమ్మా" అన్నప్పుడు నేను "నాకు టెన్షన్లేం లేవండీ" అన్నాను. ఆవిడ నవ్వి, "ఆ స్ట్రెస్ వేరు. వంకాయ కోసి ఉప్పునీళ్ళలో ఎందుకేస్తావు?" అని అడిగారు. గాలి తగిలి నల్లబడకుండా అన్నాను. "అదే సంగతి. లోపల కూడా అలాంటిది జరుగుతుంటుంది" అన్నారు.

నేను ఖమ్మంలో ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కల టీచర్ని. పీసీఓఎస్ ఉంది, అంటే హార్మోన్ల తేడా వల్ల అండం నెలనెలా సరిగా విడుదల కాని సమస్య. అప్పటికి పెళ్ళయి నాలుగేళ్ళు, నాకు 31, బరువు 78 కిలోలు, నెలసరి ఒక్కోసారి యాభై రోజులకు వచ్చేది. మేము ఏం చేశామో, ఎందుకు చేశామో వరసగా చెబుతాను.

ముందు ఆ నల్లబడటం సంగతి. తిన్న తిండి ఒంట్లో శక్తిగా మారేటప్పుడు, పొయ్యిలోంచి నిప్పురవ్వలు లేచినట్టు, చురుకైన ఆక్సిజన్ అణువులు కొన్ని పుడతాయి. వాటిని ఆర్పే సరుకు ఒంట్లోనే ఉంటుంది, కొంత తిండి నుంచి వస్తుంది. రవ్వలు ఎక్కువై ఆర్పే సరుకు తక్కువైతే కణాలు దెబ్బతింటాయి. డాక్టరమ్మ చెప్పిన ఆక్సిడేటివ్ స్ట్రెస్ ఇదే. శక్తి తయారుచేసే మైటోకాండ్రియా ఒంట్లో మరే కణంలోనూ లేనన్ని అండంలో ఉంటాయి కాబట్టి ఈ గొడవ అక్కడ మరీ ముఖ్యం. పైగా అండాలు కొత్తగా పుట్టవు. ఆడపిల్ల పుట్టేటప్పటికే పది ఇరవై లక్షలుంటాయి, పెద్దమనిషయ్యేసరికి మూడు నాలుగు లక్షలకు దిగుతాయి, జీవితం మొత్తంలో విడుదలయ్యేవి నాలుగైదు వందలే. నాకు 31 ఏళ్ళంటే నా అండాలకు నాకంటే కొన్ని నెలలు ఎక్కువే.

అలాగని రవ్వలన్నీ చెడ్డవేం కావు. అండం విడుదల కావడానికే అవి కొంచెం కావాలి. ఎలుకల్లో అండాశయం దగ్గర యాంటీఆక్సిడెంట్లు, అంటే ఆ ఆర్పే సరుకు, పెట్టి చూస్తే అండం విడుదలే ఆగిపోయింది. ఇది ముందే తెలిసుంటే నాకు 4,800 రూపాయలు మిగిలేవి. ఒకచోట "ఎగ్ క్వాలిటీ ప్యాక్" అని రంగురంగుల మాత్రల డబ్బా అంటగట్టారు. పిల్లలు కలగడంలో ఇబ్బంది ఉన్న ఆడవాళ్ళకు యాంటీఆక్సిడెంట్ మాత్రలు పనిచేస్తాయా అని, వైద్య పరిశోధనలను జల్లెడ పట్టే కొక్రేన్ అనే సంస్థ వాళ్ళు అప్పటిదాకా జరిగిన ప్రయోగాలన్నీ కలిపి 2020లో చూశారు. ఆధారాలు చాలా బలహీనం అని తేల్చారు. డాక్టరమ్మ నాకు రాసిన మాత్ర ఒక్కటే, ఫోలిక్ యాసిడ్, రోజుకు 400 మైక్రోగ్రాములు. అది గర్భం రావడానికి కాదు, వస్తే బిడ్డ వెన్నుపాము సరిగా ఏర్పడటానికి. అందుకే గర్భం రాకముందే మొదలుపెట్టాలి. కొందరికి ఎక్కువ డోసు అవసరం, కాబట్టి అడిగే వేసుకోండి.

వంద రోజుల లెక్క ఎక్కడిదంటే, అండం చుట్టూ ఉండే చిన్న సంచి, ఫాలికల్, చివరి దశ పెరుగుదలకు దాదాపు మూడు నెలలు పడుతుంది. మగవాళ్ళలో వీర్యకణం తయారవడానికి రెండున్నర నెలలు. ఈ రోజు తిన్న జామకాయ వచ్చే వారానికే పనిచేస్తుందని ఎదురుచూడకండి. నేను చూసి, ఏడ్చాను కూడా.

ఇక నూనె. మా ఇంట్లో పెద్ద యుద్ధం దీని మీదే. బజ్జీలు వేయించిన నూనెను అత్తమ్మ గిన్నెలో దాచి, మర్నాడు పోపుకు, ఆ మర్నాడు అప్పడాలకు వాడేది. కాగిన నూనెను మళ్ళీ మళ్ళీ కాస్తే అది ఆక్సీకరణం చెందుతుంది. ముక్క వాసన వచ్చేది అందుకే. "బంగారంలాంటి నూనె పారబోస్తావా" అని రెండు రోజులు నాతో మాట్లాడలేదు. చివరికి ఒప్పందం ఇలా కుదిరింది: బజ్జీలు నెలకు రెండుసార్లు, చిన్న మూకుడులో కొంచెం నూనెతో, మిగిలింది దీపానికి.

డాల్డా, బేకరీ పఫ్‌లు, క్రీము బిస్కెట్లు మాత్రం పూర్తిగా మానేశాను. అమెరికాలో 17,544 మంది నర్సులను ఎనిమిదేళ్ళు గమనించి హార్వర్డ్ వాళ్ళు 2007లో ఒక పరిశోధన వేశారు. ట్రాన్స్ కొవ్వులు ఎక్కువ తిన్నవాళ్ళలో అండం విడుదల కాకపోవడం ఎక్కువగా కనిపించింది. మాంసం ప్రొటీన్ కొంత తగ్గించి పప్పుల ప్రొటీన్ తిన్నవాళ్ళలో తక్కువగా కనిపించింది. ఇది గమనించి చెప్పిందే, ప్రయోగం చేసి కాదు. అయినా పప్పు తింటే నష్టమేముంది? మన దేశంలో 2022 నుంచి నూనెలు, కొవ్వుల్లో ట్రాన్స్ కొవ్వు 2 శాతం దాటకూడదని రూల్ వచ్చింది. ప్యాకెట్ వెనక "హైడ్రోజనేటెడ్" అని ఉంటే మాత్రం నేను ఇప్పటికీ తిరిగి అరలో పెట్టేస్తాను.

పళ్ళెంలో ముఖ్యంగా మార్చింది ఇది: ముందు కూర, తర్వాత అన్నం. ఇదివరకు కొండంత అన్నం, గోటంత కూర. పీసీఓఎస్‌లో ఇన్సులిన్ సరిగా పనిచేయదు, తెల్లన్నం ఎక్కువైతే ఆ ఇబ్బంది ఇంకా పెరుగుతుంది. అన్నం ఒక కప్పుకు దించి, మిగతా చోట తోటకూర పప్పు, మునగాకు వేపుడు, బీరకాయ, ఉలవచారు. రాత్రి జొన్నరొట్టె. సాయంత్రం మిక్చర్ బదులు గుప్పెడు పల్లీలు, ఒక జామకాయ. నారింజ కంటే జామలో విటమిన్ సి చాలా ఎక్కువ, ధరా తక్కువ. ఆకుకూర కోసి కడగకండి, కడిగి కోయండి, లేదంటే ఆ విటమిన్ సింకులోకే పోతుంది. వారానికి రెండుసార్లు చేప, అదీ చిన్న చేపలు. వంజరం, సొర లాంటి పెద్దవాటిలో పాదరసం ఎక్కువ ఉండొచ్చు.

టీ సంగతి విడిగా చెప్పాలి. నా హిమోగ్లోబిన్ 9.6. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన దేశపు ఆడవాళ్ళలో 57 శాతం మందికి రక్తహీనత ఉందని తేలింది, నేనూ అందులో ఒకదాన్ని. టిఫిన్‌తో పాటే టీ తాగితే తిండిలోని ఇనుము ఒంటికి సరిగా పట్టదు. స్టాఫ్‌రూమ్ టీ మానలేను, టిఫిన్ తిన్న గంట తర్వాతకు జరిపాను. రోజుకు రెండు చిన్న కప్పులే.

నిద్ర నాకు అన్నిటికంటే కష్టమైంది. పేపర్లు దిద్దుతూ ఒంటిగంట దాకా లైటు వెలిగేది. చీకట్లో ఒంట్లో తయారయ్యే మెలటోనిన్ ఫాలికల్ లోపలి నీటిలో కూడా ఉంటుంది, అది రవ్వల్ని ఆర్పే రకం. పదిన్నరకు ఫోన్ హాల్లో పెట్టేసి పడుకోవడం అలవాటుచేసుకున్నాను. పొద్దున లకారం ట్యాంక్‌బండ్ మీద 40 నిమిషాలు నడక. మరీ కడుపు మాడ్చుకుని జిమ్ములో చచ్చేంత కష్టపడినా అండం విడుదల ఆగిపోవచ్చు, అది గుర్తుంచుకోండి. నేను వంద రోజుల్లో తగ్గింది నాలుగున్నర కిలోలే. పీసీఓఎస్ ఉండి బరువు ఎక్కువున్నవాళ్ళు 5 నుంచి 10 శాతం తగ్గినా చాలామందిలో నెలసరి గాడిన పడుతుంది.

సిగరెట్ విషయానికొస్తే నేను తాగను, మా ఆయన తాగేవారు, బాల్కనీలో. ఆ పొగ బెడ్రూమ్‌లోకే వచ్చేది. సిగరెట్ తాగే ఆడవాళ్ళకు నెలసరి ఆగిపోవడం ఒకటి నుంచి నాలుగేళ్ళు ముందే వస్తుంది, పక్కవాళ్ళు పీల్చే పొగ కూడా మంచిది కాదు. మానమంటే మానలేదు. వీర్య పరీక్షకు రమ్మంటే "మా వంశంలో ఎవరికీ అలాంటివి లేవు" అన్నారు. పిల్లలు లేని జంటల్లో దాదాపు సగం కేసుల్లో మగవాళ్ళ వైపు కారణం కూడా ఉంటుందని డాక్టరమ్మ ఎదురుగా చెప్పాక వెళ్ళారు. కణాల కదలిక తక్కువ అని వచ్చింది. ఆ సాయంత్రం ప్యాకెట్ తనే చెత్తబుట్టలో వేశారు. నాలుగేళ్ళలో నాకు ఎన్ని పరీక్షలు చేశారో లెక్కలేదు, ఆయనకు అదే మొదటిది.

వంద రోజులు దాటాక నెలసరి 36 రోజులకు, తర్వాత 33కు వచ్చింది. అప్పుడు డాక్టరమ్మ అండం విడుదల కావడానికి ఇచ్చే మాత్ర, లెట్రోజోల్, మొదలుపెట్టారు. మూడో నెలలో నిలిచింది. పాపకు ఇప్పుడు పద్నాలుగు నెలలు. మాత్ర వల్లనా, బరువు తగ్గడం వల్లనా, ఆయన సిగరెట్ మానడం వల్లనా అంటే నేను చెప్పలేను. అత్తమ్మ మాత్రం నూనె తనే మాన్పించినట్టు ఊరంతా చెబుతోంది.

మా తోడికోడలు ఇవన్నీ నాకంటే శ్రద్ధగా చేసింది, ఏడాదిన్నర. తర్వాత అండం గర్భసంచికి చేరే ట్యూబుల పరీక్ష చేస్తే రెండూ మూసుకుపోయి ఉన్నాయి, ఎప్పుడో వచ్చి తెలియకుండా పోయిన టీబీ వల్ల. ఏ ఆకుకూరా వాటిని తెరవలేదు. ఇప్పుడు ఐవీఎఫ్‌కు తిరుగుతోంది. అందుకే నా వంద రోజులు మొదలుపెట్టేవాళ్ళు ఆ వారమే డాక్టరు దగ్గరికీ వెళ్ళండి. పిల్లలు కలగట్లేదని చేయించుకునే పరీక్షలు మాత్రం 35 లోపైతే ఏడాది ప్రయత్నించాక, దాటితే ఆరు నెలలకే, నెలసరి తప్పుతుంటే ఇప్పుడే. థైరాయిడ్, స్కానింగ్, ట్యూబుల పరీక్ష గురించి మీరే అడగండి. మీ ఆయన్ని కూడా అదే ఆటోలో ఎక్కించుకెళ్ళండి.