పాఠం 4: ఇంట్రాడేకి 250 షేర్లు, పొజిషన్‌కి 28

స్టాప్‌లాస్, అంటే నష్టం పెరక్కుండా అమ్మేసే ధర, ఎక్కడ పెట్టాలో పోయిన పాఠంలో చూశాం. ఇప్పుడు ఎన్ని షేర్లు కొనాలో లెక్క కడదాం. కాగితం, పెన్ను తీసుకోండి.

ఖాతాలో లక్ష ఉంది. ఒక ట్రేడ్‌లో పోయినా పర్లేదనుకునేది 1 శాతం, అంటే 1,000. షేరు ధర 500.

ఇంట్రాడేలో (కొన్న రోజే అమ్మేయడం) 5 నిమిషాల చార్టు చూసి స్టాప్‌లాస్ 496 దగ్గర పెట్టాం. షేరుకు 4 రూపాయల రిస్కు. 1,000ని 4తో భాగిస్తే 250 షేర్లు, విలువ 1,25,000. 20 శాతం మార్జిన్ (బ్రోకర్ దగ్గర ముందు ఉంచాల్సిన సొమ్ము) అడిగే షేరైతే 25,000 చాలు.

నెలా రెణ్ణెల్లు ఉంచుకునే పొజిషన్‌కు డైలీ చార్టు చూడాలి. రోజువారీ ఊగిసలాటకు చోటివ్వాలి కనుక స్టాప్‌లాస్ 465. షేరుకు 35 పోతే 28 షేర్లు, 14,000 పెట్టుబడి.

రిస్కు అదే వెయ్యి, షేర్లు మాత్రం దాదాపు తొమ్మిది రెట్ల తేడా. ఇక్కడే బోల్తా పడతారు. ఇంట్రాడేకని 250 కొన్నాక ధర 496కి దిగినా అమ్మబుద్ధి కాదు. మార్కెట్ ముగిసేముందు బ్రోకర్ తనే అమ్మేసి స్క్వేర్ ఆఫ్ చేసేలోపు, ‘రేపు పెరక్కపోతుందా’ అని పూర్తి డబ్బు కట్టి షేర్లు ఉంచుకునే డెలివరీలోకి మార్చేస్తారు. డబ్బు చాలక 190 షేర్లే మార్చారనుకోండి. మర్నాడు 9:15కి గ్యాప్ డౌన్, మార్కెట్ తెరవడమే 450 దగ్గర! ఆ 190 మీదే 9,500 పోయింది. 28 షేర్లవాళ్లకు పోయేది 1,400. వాళ్లకూ వెయ్యి దాటింది, గ్యాప్‌కు స్టాప్‌లాస్ అడ్డుపడదు మరి.

మామూలు స్టాప్‌లాస్ ఆర్డర్ ఆ రోజుతో రద్దయిపోతుంది. పొజిషన్‌కు జీటీటీ (ఆ ధర తగిలేదాకా, రోజు మారినా నిలిచి ఉండే ఆర్డర్) పెట్టండి. ట్రిగ్గర్ (ఆర్డర్ కదిలే ధర) 465, లిమిట్ (అంతకు తక్కువకు అమ్మొద్దనే ధర) 464 అని బిగించి పెడితే 450 దగ్గర ఓపెనైన రోజు ఆర్డర్ పడుతుంది గానీ అమ్ముడుపోదు. లిమిట్ బాగా కిందకి పెట్టాలి.

ఖర్చులు: ఇంట్రాడేలో ఎస్‌టీటీ (షేర్ల లావాదేవీ పన్ను) అమ్మకం మీదే 0.025 శాతం, డెలివరీలో రెండు వైపులా 0.1 శాతం. ఇంట్రాడే చవకనిపిస్తుంది. కానీ ఆర్డర్‌కు 20 బ్రోకరేజీతో పై 250 షేర్లు కొని అమ్మితే మొత్తం 90 దాకా అవుతుంది. రోజుకు మూడు ట్రేడ్లు, నెలకు 20 రోజులు వేసి చూడండి: 5,400. మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ లెక్కలో 2022-23లో ఇంట్రాడే చేసిన పదిమందిలో ఏడుగురు నష్టపోయారంటే ఆశ్చర్యమేముంది?

అభ్యాసం: ఖాతాలో 60,000, రిస్కు అదే 1 శాతం, షేరు 820. ఇంట్రాడే స్టాప్‌లాస్ 812, పొజిషన్‌కు 770. ఎన్నెన్ని కొంటారు? 75, 12 వస్తే పాఠం 5కి వెళ్లండి.